ఏసీలకూ ఒక దింపు పుస్తకం

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది రాజోలు దగ్గర పల్లె. మావారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పోయిన కార్తీకంలో కాలం చేశారు. ఇంట్లో మూడు ఏసీలు, రెండు గీజర్లు ఉన్నాయి. వాటి సంగతులన్నీ ఆయనే చూసుకునేవారు. ఏది ఎప్పుడు కొన్నారో, ఎప్పుడు సర్వీసు చేయించారో నాకు తెలియదు. బిల్లులు ఒక సంచిలో దొరికాయి కానీ సగం వాటి మీద అక్షరాలే కనపడడం లేదు. హాల్లో ఏసీకి అంతకు ముందేడాదీ, పోయినేడాదీ గ్యాస్ పట్టించాం. ఈ వేసవిలో కూడా గ్యాస్ అయిపోయిందంటున్నాడు మెకానిక్. కింద బాత్రూములో గీజర్ వేస్తే ఒక్కోసారి మెయిన్ పడిపోతోంది. మెకానిక్ ఊళ్లో అబ్బాయే, మావారి దగ్గర చదువుకున్నవాడే. గట్టిగా అడిగితే అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాను. మా అబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేసి, ఏదో యాప్‌లో రాసుకోమంటాడు. నాకు ఆ యాప్‌లు చేతకావు. కొబ్బరి తోట దింపు (కాయ కోత) లెక్కలు మాత్రం కాపురానికి వచ్చినప్పటి నుంచీ నేనే రాస్తున్నాను. ఇవన్నీ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. (పేరు వేయొద్దన్నారు)

సమాధానం:

అమ్మా, గీజర్ వేస్తే మెయిన్ పడిపోతోందని ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మీ ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసింది ఆ వాక్యం దగ్గరే. ఆ గీజర్‌ను ఇవాళ్టి నుంచి వాడకండి. స్విచ్ ఆపడమే కాదు, దానికి మెయిన్ బోర్డులో వేరే ఎంసీబీ (చిన్న స్విచ్) ఉంటే అది కూడా దించేయండి. గీజర్ లోపల నీళ్లు కాచే ఎలిమెంట్ మీద లోహపు తొడుగు ఉంటుంది. మీ వైపు ఉప్పునీళ్లు దాన్ని తినేస్తాయి. తొడుగు చిల్లు పడితే కరెంటు నీళ్లలోకి దిగుతుంది. బోర్డులో ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ ఉంటే ఆ లీకేజీని పసిగట్టి పడిపోతుంది. ఇళ్లలో పెట్టేవి మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లు దాటకముందే పడిపోయేలా ఉంటాయి. అంటే మీ మెయిన్ మిమ్మల్ని విసిగించడం లేదు, కాపాడుతోంది. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి డైరెక్టుగా వైరు కలిపేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. మీ ఇంట్లో ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. ఎలిమెంటూ, ఎర్తింగూ రెండూ చూపించాకే మళ్లీ ఆ గీజర్ వేయండి. అప్పటిదాకా పొయ్యి మీద కాచుకున్నా నష్టం లేదు.

ఇక అసలు సంగతి. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. మీరు ఎప్పుడో మొదలుపెట్టారు. దింపు పుస్తకంలో ఏం రాస్తారు మీరు? తేదీ, ఎన్ని చెట్లు ఎక్కారు, ఎన్ని కాయలు దిగాయి, వెయ్యికి ఏ ధర పలికింది, దింపు కూలి ఎంత, వలుపు కూలి ఎంత. ఒక దింపులో కాయ తగ్గితే నిరుడు ఇదే దింపు పేజీ తిప్పి చూస్తారు. అప్పుడు నల్లి పట్టిందా, తెల్లదోమా, నీటి ఎద్దడా అని ఆలోచిస్తారు. పుస్తకం లేకపోతే మనకు తోచేది ‘ఈసారి ఎందుకో తగ్గింది’ అన్న మాట ఒక్కటే. మీ హాల్లో ఏసీ విషయంలో జరుగుతున్నది అదే. దానికి పుస్తకం లేదు. అందుకే ప్రతి వేసవీ దానికి మొదటి వేసవిలాగే గడుస్తోంది.

ఆ గ్యాస్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు లాంటిది కాదు, వాడితే అయిపోదు. రాగి పైపుల్లో, కాయిల్‌లో మూసి ఉంచిన దారిలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లోపల గదిలో వేడి పీల్చుకుని ఆవిరవుతుంది, బయట పెట్టిన అవుట్‌డోర్ పెట్టెలో ఆ వేడి వదిలి మళ్లీ ద్రవమవుతుంది. లీకు లేకపోతే పదేళ్లయినా ఆ గ్యాస్ అంతే ఉంటుంది. కాబట్టి వరసగా రెండేళ్లు గ్యాస్ పట్టించారంటే, మూడో ఏడు మళ్లీ పట్టమంటున్నారంటే, రెండింట్లో ఒకటి నిజం. ఎక్కడో లీకు ఉంది, దాన్ని ఎవరూ వెతకలేదు. లేదా గ్యాస్ తగ్గనే లేదు, చల్లదనం తగ్గడానికి కారణం ఇంకొకటి. ఫిల్టర్ మూసుకుపోయినా, అవుట్‌డోర్ కాయిల్ రెక్కల మధ్య దుమ్ము పేరుకున్నా, పాత రకం ఏసీలో మోటారుకు ఊతమిచ్చే కెపాసిటర్ బలహీనపడినా గది చల్లబడదు. గ్యాస్ తగ్గినా, ఫిల్టర్ మూసుకుపోయినా కాయిల్ మీద మంచు కడుతుంది. కాబట్టి మంచు కనపడగానే గ్యాస్ అనుకోకూడదు, ముందు ఫిల్టర్ కడిగి చూడాలి.

ఇది నేను పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. మా పాలకొల్లు ఇంట్లో పడక గది ఏసీకి వరసగా మూడు వేసవులు గ్యాస్ పట్టించాను. నాలుగో ఏడు ఒక పెద్దాయన వచ్చి ‘ఇంతకు ముందు ఎప్పుడు పట్టారండీ?’ అని అడిగితే నోరు పెగల్లేదు. రెండుసార్లా మూడుసార్లా అన్నది కూడా గుర్తు లేదు. చివరికి మా ఆవిడ పాల లెక్క వేసే పాత క్యాలెండర్లలో ఆ తేదీలు దొరికాయి. డబ్బు ఇచ్చిన రోజున తను ఓ మూల ‘ఏసీ’ అని రాసి పెట్టింది. మూడు తేదీలూ చూసిన ఆ పెద్దాయన గ్యాస్ సిలిండర్ పక్కన పెట్టి సబ్బు నురుగు అడిగాడు. అవుట్‌డోర్ దగ్గర రాగి పైపు కలిపే నట్టు మీద పూస్తే చిన్న చిన్న బుడగలు లేచాయి. నట్టు విప్పి, పైపు అంచు కోసి, అంచును గరాటులా విప్పార్చి (ఫ్లేర్ చేసి) బిగించాడు. ఆ తర్వాత ఆ ఏసీకి గ్యాస్ అవసరం రాలేదు. మూడేళ్ల ఖర్చును ఆపింది ఆ మూల రాతలే.

మీ మెకానిక్ అబ్బాయి మోసం చేస్తున్నాడని నేననుకోవడం లేదు. మే నెలలో వాడికి రోజుకు ఎన్ని ఇళ్లుంటాయో ఆలోచించండి. గ్యాస్ పట్టడానికి అరగంట చాలు. లీకు వెతకాలంటే పైపుల్లో నైట్రోజన్ నింపి, గేజీ ముల్లు దిగుతుందో లేదో కనిపెట్టి, ప్రతి జాయింటూ నురుగుతో చూడాలి. పూటంతా పడుతుంది. పది ఇళ్ల వాళ్లు ఫోన్లు చేస్తుంటే ఏ అబ్బాయైనా అరగంట పనే చేస్తాడు. కాబట్టి మీరు అడగాల్సింది ‘ఎందుకు అయిపోయింది?’ అని కాదు. ‘బాబూ, ఈసారి గ్యాస్ పట్టే ముందు లీకు టెస్టు చేద్దాం. నీకు ఖాళీ ఉన్న పూట చూసుకుని రా, ఆ పూట కూలి వేరే ఇస్తాను’ అనండి. ఇందులో అనుమానం లేదు, పని అప్పగించడమే. లీకు మూసిన తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లో గాలీ, తేమా లాగేయమనండి. ఆ తర్వాత అవుట్‌డోర్ మీదున్న ప్లేటులో రాసినంత బరువు గ్యాస్ తూకం వేసి ఎక్కించమనండి. ఏ రకం గ్యాసో, ఎన్ని కిలోలో ఆ ప్లేటు మీద అచ్చు వేసి ఉంటుంది. పాత ఏసీల్లో ఆర్-22, తర్వాత వాటిలో ఆర్-410ఏ, ఇప్పుడు ఎక్కువగా ఆర్-32 వస్తున్నాయి. ఒకదాని బదులు ఇంకొకటి పట్టకూడదు. ఆర్-32 కొద్దిగా మండే గుణం ఉన్నది కాబట్టి పని జరిగేటప్పుడు దగ్గర్లో పొయ్యి, అగరొత్తి లేకుండా చూడండి.

ఇప్పుడు పుస్తకం. దింపు పుస్తకం లాంటిదే, అట్ట గట్టిగా ఉన్న నోటుబుక్ ఒకటి కొనండి. ఒక్కో మిషనుకు నాలుగేసి పేజీలు వదలండి. హాల్లో ఏసీ, మీ గది ఏసీ, మేడ మీద ఏసీ, కింద గీజర్, పైన గీజర్. ఒక్కో మొదటి పేజీలో కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, గ్యాస్ రకం, కొన్న తేదీ, కొన్న షాపు. ఆ తర్వాతి పేజీల్లో ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏం చెప్పి పిలిచాం, ఏం చేశారు, ఏ పార్టు మార్చారు, ఎంత ఇచ్చాం. మార్చిన పాత పార్టు అడిగి తీసుకోండి.

ఒక్కటి మాత్రం దింపు పుస్తకానికి భిన్నంగా చేయండి. ఇది మీరు రాయకండి, వచ్చినవాడి చేత రాయించండి. పని అయ్యాక మజ్జిగ గ్లాసు పక్కన పుస్తకం, పెన్ను పెట్టి ‘నువ్వు చేసింది రెండు ముక్కలు రాసి సంతకం పెట్టు బాబూ, మా అబ్బాయికి ఫోటో తీసి పంపాలి’ అనండి. మాస్టారి దగ్గర చదువుకున్నవాడు, ఆయనింట్లో పుస్తకంలో తన చేత్తో తప్పు రాయడు. మొహమాటపడి అడగలేకపోయిన ప్రశ్నలన్నీ ఆ పేజీ అడుగుతుంది. మరుసటి ఏడు ఇంకొకరు వచ్చినా మీరు కథంతా చెప్పనక్కర్లేదు, పేజీ తిప్పి చూపిస్తే చాలు. ఆసుపత్రికి పాత చీటీలు తీసుకెళ్తాం కదూ, అలాగే.

చల్లదనం ఎలా ఉందో అంకెల్లో రాయించడం కూడా మంచిది. సర్వీసు అయ్యాక పావుగంట నడిచిన ఏసీకి పైనుంచి లోపలికి వెళ్లే గాలి ఎంత వేడి ఉందో, కిందనుంచి వచ్చే గాలి ఎంత చల్లగా ఉందో మామూలు డిజిటల్ థర్మామీటరుతో చూడొచ్చు. రెండింటికీ 10 డిగ్రీల అటూ ఇటూ తేడా ఉంటే బాగున్నట్టు. మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా కంగారు పడకండి. పక్కింటి ఏసీతో పోల్చకండి, మీ ఏసీని నిరుటి మీ ఏసీతోనే పోల్చండి. పాత రకం ఏసీ అయితే క్లాంప్ మీటరుతో ఎన్ని ఆంపియర్లు లాగుతోందో కూడా రాయించండి. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ ఏసీలో అది క్షణక్షణం మారుతుంది కాబట్టి పోలికకు పనికిరాదు. కరెంటు బిల్లు వచ్చినప్పుడు యూనిట్లు కూడా పుస్తకం చివర వరసగా వేసుకోండి. పోయినేడు ఏప్రిల్‌కూ ఈ ఏప్రిల్‌కూ బాగా తేడా ఉంటే ఏదో ఒక మిషను కష్టపడుతోందన్నమాట.

అక్షరాలు మాసిపోయిన బిల్లుల గురించి. అవి వేడికి నల్లబడే కాగితం మీద అచ్చయినవి, సిరా ఉండదు. సంచిలో ఉన్నా, ఎండ తగిలినా మాసిపోతాయి. ఇంకా కనపడుతున్నవాటికి ఇవాళే ఫోటోలు తీయించి, జిరాక్సు తీయించి పుస్తకంలో అంటించండి. మాసిపోయినవాటి సంగతి ఇలా చూడొచ్చు. ప్లేటు మీద చాలావాటికి తయారైన నెల, ఏడు ఉంటాయి. కొన్న షాపులో కంప్యూటరులో మాస్టారి పేరు మీద బిల్లు ఉండొచ్చు. బ్యాంకు పాస్‌బుక్కులో ఆ నెల కట్టిన డబ్బు కనపడుతుంది. ఆయన ఫోన్ ఇంకా మీ దగ్గరే ఉంటే, అప్పటి మెసేజీలు చెరపకుండా ఉంచండి. చాలా కంపెనీలు కంప్రెసరుకు పదేళ్ల దాకా వారంటీ ఇస్తున్నాయి. సీరియల్ నంబరు చెప్పి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వారంటీ ఉందో లేదో చెబుతారు. ఆ వివరాలు మీ పేరుకు, మీ నంబరుకు మార్చమని అడగండి. ఈ ఫోన్లూ, ఆ యాప్ గొడవా మీ అబ్బాయికి అప్పగించండి. మీరు పేజీ ఫోటో పంపితే అతను అక్కడ కూర్చుని ఎక్కించుకుంటాడు. కొడుకు అంత దూరాన ఉండి చేయగలిగిన పని ఇది, అడిగితే సంతోషంగా చేస్తాడు.

ఇక ఎప్పుడెప్పుడు చేయించాలన్నది. ఏసీ సర్వీసు అందరూ ఏప్రిల్‌లో, ఎండ ముదిరాక చేయిస్తారు. మీరు మాఘంలో చేయించండి. అంతర్వేది తీర్థం అయిన వారం గుర్తు పెట్టుకోండి. రెండు కారణాలు చెబుతాను. మొదటిది, మెకానిక్‌లు అప్పుడు ఖాళీగా ఉంటారు, పూటంతా కూర్చుని లీకు వెతికే ఓపిక ఉంటుంది. మన కాలువలు చూడండి. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచి ఈ నేల బతుకుతున్నది కాలువల మీదే. దాళ్వా (రెండో వరి పంట) కోతలయ్యాక కాలువలు కట్టేసి పూడిక తీస్తారు గానీ నాట్లకు నీళ్లు కావలసినప్పుడు తీయరు కదా. రెండో కారణం ఆ కాలువల నుంచే వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మీ ఇంట్లో వాడకానికి మిగిలేది బోరు నీళ్లే. మెకానిక్ వచ్చి ఆ నీళ్ల బకెట్టులోనే పంపు పెట్టి కాయిల్ కడుగుతాడు. మీ వైపు బోరు నీళ్లు ఉప్పన. సముద్రపు గాలికి అసలే తినేస్తున్న అల్యూమినియం రెక్కల మీద మళ్లీ ఉప్పునీళ్లు పోసి ఆరబెట్టినట్టవుతుంది. మాఘంలో దాళ్వాకు కాలువలు పారుతుంటాయి, కుళాయికి మంచి నీళ్లు వస్తాయి. ఆ నీళ్లతోనే కడగమనండి. నీటి జోరు ఎక్కువ పెట్టి రెక్కలు వంచేయకుండా చూడండి. యాసిడ్ కలిపి కడుగుతామంటే వద్దనండి, తెల్లగా మెరుస్తుంది గానీ లోహం పలచబడిపోతుంది.

చలికాలంలో వాడడం లేదని అవుట్‌డోర్ యూనిట్‌కు ప్లాస్టిక్ సంచి చుట్టడం మన వైపు చాలా ఇళ్లలో చూశాను. లోపల తేమ నిలిచి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. పైన రేకు ముక్క చాలు, చుట్టూ గాలి ఆడాలి. మీ యూనిట్ కొబ్బరి చెట్టు కింద ఉంటే ఆ రేకు ఎలాగూ తప్పదు. వరద నీళ్లు పెరట్లోకి వచ్చే చోటైతే నేల మీద పెట్టకుండా గోడకు ఎత్తుగా స్టాండు వేయించండి. నీళ్లలో మునిగిన యూనిట్‌ను విప్పి ఆరబెట్టించకుండా స్విచ్ వేయకూడదు.

మధ్యలో చేయాల్సిన చిన్న పనులకు వేరే క్యాలెండర్ అక్కర్లేదు. దింపు ఎలాగూ రెండు నెలలకోసారి వస్తుంది. దింపు రోజున మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ ఒకసారి నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే అది చెడిపోయినట్టే, వెంటనే మార్పించండి. అదే రోజు ఏసీ నీళ్లు బయటికి వచ్చే పైపు మూతి చూడండి. కందిరీగలు అందులో మట్టి గూడు కడతాయి. అప్పుడు నీళ్లు లోపలికి తన్ని గోడ మీద కారతాయి. మూతికి సన్నటి జాలీ ముక్క కట్టేస్తే సరి. ఫిల్టర్లు మాత్రం దింపు దాకా ఆగకూడదు. ఏసీ రోజూ వాడే నెలల్లో రెండు వారాలకోసారి మీరే తీసి కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టండి. మూత ఎత్తి లాగితే వచ్చేస్తాయి, మెకానిక్ అక్కర్లేదు. రోహిణి కార్తెలో ఏసీని 18కి దించినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు. స్టార్ గుర్తున్న ఏసీలు 2020 జనవరి నుంచి ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టారు. అక్కడే ఉంచి ఫ్యాను వేసుకోండి. ఉక్కపోత ఎక్కువగా ఉన్న వానాకాలం రాత్రుల్లో తేమ లాగే డ్రై మోడ్ వాడి చూడండి.

గీజర్లకు ధనుర్మాసం మొదట్లో ఒక రోజు పెట్టుకోండి, సంక్రాంతికి పిల్లలు వచ్చే లోపల. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. నీళ్లలో ఉప్పు ట్యాంకును తినకుండా ముందు ఆ కడ్డీని తింటుంది. అది అరిగిపోయాక ట్యాంకు మీద పడుతుంది. మంచి నీళ్ల ఊళ్లలో రెండేళ్లకోసారి చూసినా చాలునేమో గానీ మీరు ఏటా తీయించి చూడండి, సన్నబడితే మార్పించండి. ఎలిమెంట్ మీద పేరుకున్న తెల్లటి పొర కూడా అప్పుడే తీయిస్తారు. సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని దాన్ని బిగించి మూసేయనివ్వకండి. మీ దగ్గర ఉన్నవి కరెంటువే అనుకుంటున్నాను. ఎప్పుడైనా గ్యాస్ గీజర్ పెట్టించాలనుకుంటే తలుపులు మూసిన బాత్రూములో మాత్రం వద్దు. వాసన కూడా తెలియకుండా ప్రాణాలు తీసే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది దాన్నుంచి.

ఎవరైనా షాపువాళ్లు ఏడాది కాంట్రాక్టు తీసుకోమంటే, గ్యాసూ కాయిలూ అందులో ఉన్నాయో లేదో రాసి ఇమ్మనండి. ఆ రెండూ లేకపోతే మీకు దానితో పెద్ద ప్రయోజనం లేదు.

హాల్లో ఏసీ లీకు నట్టు దగ్గర తేలితే పెద్ద ఖర్చు కాదు. కాయిల్‌లోనే చిల్లులు పడి ఉంటే కాయిల్ ధరా, ఇప్పటిదాకా పట్టించిన గ్యాస్ ఖర్చూ, ఏసీ వయసూ పక్కపక్కన రాసుకుని చూడండి. పదేళ్లు దాటిన ఆర్-22 మిషనైతే నేను మార్చేయమనే చెబుతాను. ఆ నిర్ణయం ఒంటరిగా తీసుకోవాలని కంగారు పడకండి. అబ్బాయి లీకు టెస్టు చేసి రాసిన పేజీ ఫోటో తీసి నాకు పంపండి, చూసి చెబుతాను. ముందు ఆ కింది గీజర్ ఎంసీబీ దించి వచ్చారా?